వాల్వు తిప్పేవాడి నోటుబుక్కు

హొరమావు వెనక మా లేఅవుట్లో
నా చేతి కింద ఎనిమిది వాల్వులు, ఒక టార్చిలైటు,
గ్రీజు మరకల నోటుబుక్కు ఒకటి.
పదకొండేళ్లుగా అందులో రెండే గళ్లు:
తేదీ, లోతు.

మొదటి పేజీలో రెండువందల ఎనభై అడుగులు.
అప్పట్లో మోటారు వేస్తే
పైపు రెండుసార్లు దగ్గి, ఎర్రమన్ను ఉమ్మి,
ఆ తర్వాత తేటగా మాట్లాడేది.

బి బ్లాకు వాళ్లు ఐదువందలకి దిగారు.
ఏ బ్లాకుకి చిన్నతనమనిపించి ఏడువందలు.
ఎదురింటి డాక్టరు సువర్చల గారు
"నాకెవరితో పోటీ" అంటూనే తొమ్మిదివందల యాభై.
తిరుచెంగోడు నుంచి రిగ్గు లారీ వచ్చిన రాత్రి
గోడలకి చలిజ్వరం, ఎవరికీ నిద్ర లేదు.
డ్రిల్లరు సెంగోడన్ టీ ఊదుకుంటూ అన్నాడు:
"కాంపౌండు గోడలు పైన కట్టుకున్నారన్నా.
కింద ఒకటే ఇల్లు."

ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఇది ముందే రాసుకోవాల్సింది.
సెక్రటరీ నంజుండప్ప ఒకటో తారీఖునే జీతమిస్తాడు.
డాక్టరమ్మ నా కూతురి చెవిపోటుకి ఫీజు తీసుకోలేదు.
ఎవరి లెక్క వాళ్లది విడిగా చూస్తే సరిగ్గానే ఉంటుంది,
కూడినప్పుడే తప్పు వస్తుంది.

ఓ ఏప్రిల్లో, "ఈ ఒక్క నెలకే" అని టాంకరుని పిలిచాం.
చుట్టంలా గేటు బయట హారన్ కొట్టి ఆగింది మొదట.
ఇప్పుడు దాని పేరు రేషన్ కార్డులో లేదు, అంతే తేడా.
అది వచ్చాక ఇంకుడుగుంత మాట మీటింగుల్లో వినపడలేదు.
గుంత మీద టైల్స్ పరిచారు,
టైల్స్ మీద ఒక నల్ల కారు నిలబడింది.
నొప్పి తెలియనివాడు పన్ను పీకించుకుంటాడా?

పోయిన మార్చిలో నా బండి పంచరైతే
నీలగిరి తోపులోంచి నడిచి వస్తున్నా.
మా గోడకి అవతలే, నలభై అడుగుల దూరంలో,
మా టాంకరు నీళ్లు పట్టుకుంటోంది మునియప్ప బోరులోంచి.
నోటుబుక్కు తీసి చూశా:
అతని మోటారు రెండుకి మొదలైతే
రెండున్నరకి మా పైపు గాలి పీలుస్తుంది.
మూడో గడి గీశాను: టాంకర్లు.
టాంకర్ల నుంచి లోతుకి, లోతు నుంచి టాంకర్లకి
వేలు పెట్టి లాగితే
గానుగెద్దులా బయలుదేరిన చోటికే వచ్చింది.
మా నీళ్లే. గోడ చుట్టూ ఒక తిప్పు తిప్పి
మాకే అమ్ముతున్నారు.

మీటింగులో చెప్పాను, చెప్పులు బయట విడిచి.
నంజుండప్ప శ్రద్ధగానే విన్నాడు.
"గుంత తవ్వితే ఎన్నాళ్లకి నీళ్లొస్తాయి ఓబులేసూ?"
చెప్పలేకపోయాను.
రిగ్గువాడైతే చెప్పగలడు: రేపు పొద్దున్నకి.
అందుకే అతను గెలిచాడు.
పదహారువందల అడుగులకి తీర్మానం,
చేతులన్నీ లేచాయి, డాక్టరమ్మది కాస్త ఆలస్యంగా.

నా కూతురు శైలుకి క్లబ్‌హౌస్ గీజరు కొత్త.
చల్లగా ఉందని తిప్పింది, ఇంకా తిప్పింది, ఇంకా,
ఒక్కసారిగా కాలి, కేకపెట్టి, మొత్తం వెనక్కి తిప్పింది,
చలికి వణుకుతూ మళ్లీ మొదలు.
"తిప్పాక కాస్త ఆగాలే పిచ్చిదానా,
నీళ్లు దారిలో ఉన్నాయి," అన్నాను తలుపు బయటి నుంచి.
అన్నాక చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆ రాత్రి వాన.
నల్ల కారువాళ్లు ఊళ్లో లేరు.
గునపంతో నాలుగు టైల్స్ లేపి,
సిమెంటు గడ్డలు రెండు తట్టలు తోడి,
వంగి చెవి పెట్టాను.
కరెంటు లేని ఇంట్లో ముసలాయన
మెట్లు తడుముకుంటూ దిగుతున్నట్టు
చప్పుడు.

తేదీ వేశాను.
లోతు గడి ఖాళీగా వదిలాను.